గోడ దూకిన కత్తి - కింగ్ హూ జీవిత కథ

ఈ సంచికలో ఏటా అంబేద్కర్ గారిదో, ఫూలే గారిదో, జాషువా గారిదో ఒక జీవిత కథ వస్తుంది. ఈసారి ఆ పేజీలు మా బ్యాచ్‌కు అప్పగించారు. మేము ఒక సినిమా మనిషిని ఎంచుకున్నాం. అదీ చైనా మనిషిని. ఎందుకో తెలియాలంటే ముందు మన హాస్టల్ ప్రహరీ గోడ సంగతి చెప్పుకోవాలి.

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా వార్షికోత్సవం రాత్రి టీవీ, వి.సి.ఆర్. అద్దెకు తెచ్చి వరండాలో సినిమాలు వేశారు. మొదటిది విఠలాచార్య గారి జానపదం. రెండోది హాంకాంగ్ కత్తియుద్ధం సినిమా. క్యాసెట్ అట్ట మీద పేరు కూడా లేదు. భాష ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఎవడూ నిద్రపోలేదు. తెల్ల బట్టల్లో ఒక అమ్మాయి నేల మీద నుంచి ఇంటి కప్పు మీదికి ఎగిరింది, అక్కణ్నుంచి చెట్టు చివరికి ఎగిరింది, ఇరవై మందిని కొట్టింది. తెల్లారేసరికి వేప పుల్లలన్నీ కత్తులైపోయాయి. సాయంత్రం స్టడీ అవర్ గంట కొట్టేలోగా మాలో ఒకడు ప్రహరీ గోడ ఎక్కి వేపకొమ్మ మీదికి ఎగిరాడు. కొమ్మ అందలేదు. కుడి మోచెయ్యి విరిగింది. వంటాయన వాణ్ని భుజాన వేసుకుని పరుగెత్తాడు. కట్టు సరిగా కుదరలేదు. వాడు అర్ధ సంవత్సర పరీక్షలు రాయలేదు. ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపుకోదు.

విచిత్రం ఏమిటంటే, వాడికి ఆ సినిమా మీద ఇవాళ్టికీ కోపం లేదు. ఆ మాట మా అందరి మనసులో చాలా ఏళ్లు నలిగింది. ఉద్యోగాల్లో చేరి, కంప్యూటర్లు కొనుక్కున్నాక అలాంటి సినిమాలు వెతికి చూడడం మొదలుపెట్టాం. ఏ దారిన వెళ్లినా ఒకే పేరు ఎదురైంది. ఆ పేరు కింగ్ హూ.

ఆయన అసలు పేరు హూ జిన్‌చువాన్. 1932లో బీజింగ్‌లో పుట్టారు. చదువుకున్న కుటుంబం. ఆయనకు ఐదేళ్లప్పుడు, 1937లో, జపాన్ సైన్యం ఆ నగరాన్ని ఆక్రమించింది. 1945 దాకా పోలేదు. అంటే ఆయన బాల్యమంతా పరాయి సిపాయిల మధ్య గడిచింది. ఆ రోజుల్లో ఆయనకు దొరికిన ఆనందం పెకింగ్ ఒపేరా. అది మన వీధినాటకం, యక్షగానం లాంటిది. పాట, మాట, వేషం, పిల్లిమొగ్గలు అన్నీ కలిసి ఉంటాయి. యుద్ధం వస్తే తాళం చెక్కలు టకటక మోగుతాయి, కంచు గంట ఖంగుమంటుంది, ఆ దెబ్బకు నటుడు రాయిలా నిలబడిపోతాడు. ఈ శబ్దం, ఈ నిలబడడం ఆయన జీవితాంతం మరిచిపోలేదు. బొమ్మలు వేయడం మీద కూడా చిన్నప్పటి నుంచే ఇష్టం.

1949లో చైనాలో ప్రభుత్వం మారిన ఏడాది ఆయన హాంకాంగ్ చేరారు. పదిహేడేళ్ల వయసు. చేతిలో పని లేదు. హాంకాంగ్ జనం మాట్లాడేది కాంటనీస్, ఆయన మాట్లాడేది ఉత్తరాది మాండరిన్. ఊరి యాసతో పట్నం హాస్టల్‌కు వచ్చి మొదటి నెలంతా నోరు విప్పని మాలాంటి వాళ్లకు ఆయన అవస్థ వేరే చెప్పక్కర్లేదు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దారు. సినిమా ప్రకటన బొమ్మలు వేశారు. సెట్లు అలంకరించారు. రేడియోలో పనిచేశారు. చిన్న చిన్న వేషాలు కట్టి నటుడయ్యారు. ఒక మనిషి ఇన్ని పనులు చేశాడంటే ఏ ఒక్కదాంట్లోనూ నిలదొక్కుకోలేదని కొందరు అనుకుంటారు. మాకు మాత్రం అదే ఆయన డిగ్రీ అనిపిస్తుంది. ఆ తర్వాత తన సినిమాల్లో కథ, సెట్టు, దుస్తులు, కూర్పు అన్నింటిలోనూ చెయ్యి పెట్టగలిగారంటే ఆ కూలి పనుల చలవే.

1958లో షా బ్రదర్స్ స్టూడియోలో చేరారు. అది ఏడాదికి పదుల సంఖ్యలో సినిమాలు తీసే కార్ఖానా. అక్కడ లీ హాన్‌షియాంగ్ అనే పెద్ద దర్శకుడి దగ్గర సహాయకుడిగా పనిచేసి మెలకువలు నేర్చుకున్నారు. 1965లో జపాన్ ఆక్రమణ మీద ఒక యుద్ధ చిత్రం తీశారు. మరుసటి ఏడాది, 1966లో, 'కమ్ డ్రింక్ విత్ మీ' వచ్చింది. ఆయన పేరు బయటపడింది దానితోనే.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. చైనా వాళ్లు ఈ కత్తి సినిమాలను వూషియా అంటారు. అన్యాయం జరిగినచోట కత్తి పట్టి నిలబడే వీరుల కథలన్న మాట. ఇవి కొత్తవి కావు. 1928లో షాంఘైలో 'ది బర్నింగ్ ఆఫ్ ది రెడ్ లోటస్ టెంపుల్' అనే మూగ సినిమా వచ్చింది. జనం విరగబడి చూశారు. మూడేళ్లలో దానికి వరసగా భాగాలు తీశారు. అరచేతుల్లోంచి మెరుపులు, గాల్లో తేలే మునులు, వాటంతట అవే ఎగిరే కత్తులు. పిల్లలు ఇళ్లు వదిలి గురువులను వెతుక్కుంటూ కొండలకు పోతున్నారని అప్పటి పత్రికలు రాశాయి. మూఢనమ్మకాలు పెంచుతున్నాయని, చట్టం మీద గౌరవం పోగొడుతున్నాయని 1930ల మొదట్లో అప్పటి ప్రభుత్వం ఈ తరహా సినిమాలను నిషేధించింది. ఇది చదివినప్పుడు మా గోడ దూకినవాడు చాలాసేపు నవ్వాడు. తనకంటే అరవై ఏళ్ల ముందే తనలాంటి వాళ్ల గురించి ఒక ప్రభుత్వం కంగారుపడిందని తెలిసి వాడికి కొంత గౌరవంగా కూడా అనిపించింది.

కింగ్ హూ కాలానికి హాంకాంగ్‌లో ఈ కథలు నవలలుగా, చవక సినిమాలుగా నడుస్తున్నాయి. ఆయనకు ఆ ఎగిరే కత్తులు, అరచేతి మెరుపులు నచ్చలేదు. అలాగని యుద్ధ విద్య తెలిసిన మనిషీ కాదు. ఆయనకు తెలిసింది ఒపేరా. అందుకే ఒపేరాలో పెరిగిన హాన్ యింగ్‌చియే చేత పోరాటాలు కూర్పించారు. కథానాయికగా చెంగ్ పేపే అనే ఇరవై ఏళ్లు కూడా నిండని అమ్మాయిని తీసుకున్నారు. ఆమె నేర్చుకున్నది బ్యాలే నాట్యం, కత్తిసాము కాదు. కండ కన్నా లయ ముఖ్యమన్నది ఆయన లెక్క. ఆ సినిమాలో ఆమె మగవేషంలో ఒక సత్రానికి వస్తుంది. గది నిండా బందిపోట్లు. ఆమె బల్ల దగ్గర కూర్చుని ఉంటుంది. వాళ్లు ఒక్కొక్కడే వచ్చి కవ్విస్తారు. ఆమె తొణకదు. కత్తి బయటికి రాకముందే సగం యుద్ధం చూపుల్లో అయిపోతుంది. మెస్సులో కొత్తవాడు పళ్లెం పట్టుకుని ఒంటరిగా కూర్చున్నప్పుడు పెద్ద క్లాసు వాళ్లు చుట్టూ చేరడం గుర్తుందా? ఆ సత్రంలో గాలి సరిగ్గా అలా బిగుసుకుంటుంది.

అయితే ఆ సినిమాలోనే ఒక లోపం మాకు కొట్టొచ్చినట్టు కనిపించింది. సగం తర్వాత కథ ఆ అమ్మాయి చేతిలోంచి జారిపోతుంది. తాగుబోతు వేషంలో తిరిగే ఒక మగ వీరుడు అసలు మొనగాడని తేలుతుంది. చివరి యుద్ధం అతనికీ, దుష్టుడైన ఒక మఠాధిపతికీ మధ్యే జరుగుతుంది. ఆయన వద్దనుకున్న అరచేతి గాలి శక్తి కూడా అక్కడికి వచ్చి చేరింది. మొదటి సగం చూసి లేచి నిలబడిన మేము రెండో సగంలో కూర్చుండిపోయాం.

సినిమా ఆడింది. కానీ కార్ఖానాకూ ఆయనకూ పొసగలేదు. వాళ్లకు వేగం కావాలి, ఆయనకు ప్రతి కిటికీ చెక్కా తను అనుకున్న కాలం నాటిదిగా ఉండాలి. ఆయన తైవాన్ వెళ్లిపోయి యూనియన్ అనే సంస్థకు పనిచేశారు. 1967లో 'డ్రాగన్ ఇన్' తీశారు. కొత్త ముఖాలు షీ చున్, షాంగ్‌క్వాన్ లింగ్‌ఫెంగ్. కథ 1457లో, మింగ్ రాజుల కాలంలో మొదలవుతుంది. యూ చియెన్ అనే నిజాయితీపరుడైన మంత్రికి మరణశిక్ష పడుతుంది. ఆ మంత్రి చరిత్రలో నిజంగా ఉన్నవాడే, నిజంగానే ఆ ఏడాది చంపేశారు. సినిమాలో ఆయన పిల్లలను సరిహద్దుకు పంపేస్తారు. దారిలో వాళ్లను మట్టుబెట్టడానికి అంతఃపురంలో పెత్తనం చేసే నపుంసక అధికారి మనుషులు ఎడారి అంచున ఉన్న సత్రంలో కాపు కాస్తారు. పిల్లలను కాపాడేవాళ్లూ బాటసారుల్లా వచ్చి అక్కడే దిగుతారు. ఎవరు ఎవరో తెలియదు. తైవాన్‌లో, చుట్టుపక్కల దేశాల్లో జనం ఈ సినిమాకు బారులు తీరారు.

ఆ కాలంలో లోకమంతా జేమ్స్ బాండ్ సినిమాలు చూస్తోంది. గూఢచారిని వీరుడిగా చూపడం కింగ్ హూకి నచ్చలేదు. మింగ్ చరిత్ర ఆయన పుస్తకాలు ముందేసుకుని చదివిన మనిషి. ఆ రాజ్యంలో తూర్పు కచేరీ అని ఒక రహస్య విభాగం ఉండేది. విచారణ లేకుండా పట్టుకెళ్లేవారు, హింసించేవారు. ఆయన సినిమాలు కొన్నింటిలో దుష్టులు వాళ్లే. మాంత్రికులు, రాక్షసులు కాదు, రాతపూర్వకంగా ఉత్తర్వులు చేతిలో పట్టుకుని వచ్చే ప్రభుత్వ మనుషులు. మన జానపద చిత్రాల్లో మాంత్రికుడు చస్తే రాజ్యం బాగుపడిపోతుంది. ఈయన సినిమాల్లో అలా జరగదు. ఒక అధికారి చచ్చినా కచేరీ ఉంటుంది.

మన విఠలాచార్య గారితో ఈయన్ని పోల్చకుండా ఉండలేం. ఆయన అనుకున్న రోజులకు, అనుకున్న డబ్బుకు సినిమా పూర్తి చేయడంలో పేరుపొందిన మనిషి. కాంతారావు గారి చేతిలో కత్తి, ఒక దయ్యం, నాలుగు ట్రిక్కు షాట్లు ఉంటే బొమ్మ సిద్ధం. ఇద్దరూ పిల్లల కళ్లల్లో ఒకే మెరుపు పుట్టించారు. పద్ధతిలో మాత్రం ఉత్తర దక్షిణాలు. విఠలాచార్య గారి దగ్గర నేర్చుకోవలసిన ఆ ఒక్క గుణం కింగ్ హూకి అబ్బి ఉంటే ఆయన బతుకు వేరుగా ఉండేది.

ఆ సంగతి 'ఎ టచ్ ఆఫ్ జెన్' దగ్గర తేలింది. 1968లో మొదలుపెట్టారు. పాడుబడిన ఒక కోట లాంటి భవనం సెట్టు కట్టడానికే నెలలు పట్టింది. అది నిజంగా పాతదిలా కనబడాలి. చుట్టూ రెల్లు మనిషెత్తు పెరగాలి. వెదురు తోపులో జరిగే యుద్ధం తెర మీద పది నిమిషాలు, తీయడానికి ఇరవై అయిదు రోజులు. పొద్దున కాసేపు మాత్రమే వెదుళ్ల మధ్య నుంచి కావలసిన వెలుగు దిగేది. వెలుగు పోతే ఆ రోజు పని అయిపోయినట్టే.

ఆ పోరాటంలో మనిషి వెదురు చివర నుంచి కత్తితో నిట్టనిలువుగా కిందికి దూకుతుంది. ఎలా తీశారో తెలుసుకున్నాక మా మిత్రుడికి తన మోచెయ్యి ఎందుకు విరిగిందో అర్థమైంది. కాలు నేలను వదలడం ఒక ముక్క. గాలిలో ఉండడం ఇంకో ముక్క. నేల మీద దిగడం మరో ముక్క. ఒక్కో ముక్క సెకనులో కొంత భాగమే. నటులు స్ప్రింగు పట్టెల మీద నుంచి ఎగురుతారు, అవి మనకు కనిపించవు. ఆ ముక్కలను కత్తిరించి అతికేటప్పుడు కింగ్ హూ మధ్యలో కొన్ని ఫ్రేములు తీసేసేవారు. దాంతో కన్ను వెనకబడుతుంది, మనిషి ముందుకు పోతాడు. ఎగిరాడని మనం చూడలేదు, ఎగిరి ఉంటాడని నమ్మాం. ఆ నమ్మకమే మంత్రం. అది కత్తెరతో చేసిన ఎగురుడు. గోడ మీద నుంచి చేయడానికి కుదరదు.

ఇక కథ. ఇది మీరు శ్రద్ధగా వినాలి తమ్ముళ్లూ. మూల కథ పూ సోంగ్‌లింగ్ అనే రచయితది. ఆయన 1640లో పుట్టి 1715లో పోయారు. జీవితమంతా సర్కారు పరీక్షలు రాసి, పై మెట్టు ఎక్కలేక, పంతులుగా బతుకుతూ దయ్యాల కథలు రాసుకున్న పేద మనిషి. సినిమాలో నాయకుడు గూ కూడా అలాంటివాడే. ముప్ఫై దాటినా పెళ్లి కాలేదు. సంతలో కొట్టు పెట్టుకుని మనుషుల బొమ్మలు వేస్తాడు. పరీక్ష రాయరా, ఉద్యోగం తెచ్చుకోరా అని తల్లి పొద్దస్తమానం సతాయిస్తుంది. గ్రూపు పరీక్షలు రాసిన ప్రతివాడికీ ఆ తల్లి తెలుసు. పక్కన పాడుబడ్డ ఇంట్లోకి ఒక అమ్మాయి వస్తుంది. తూర్పు కచేరీ చంపించిన యాంగ్ లియెన్ అనే మంత్రి కూతురు ఆమె, తప్పించుకుని దాక్కుంటోంది. ఆ పాత్ర శూ ఫెంగ్ వేశారు. తర్వాత ఆమె నిర్మాతగా మారి 'ఫేర్‌వెల్ మై కాంక్యుబైన్' తీశారు. దానికి 1993లో కాన్ ఉత్సవంలో అత్యున్నత బహుమతి వచ్చింది.

గూకి కత్తి పట్టడం రాదు. చదువు వచ్చు. యుద్ధ తంత్రాల పుస్తకాలు చదివి ఉన్నాడు. ఆ పాడుబడ్డ భవనంలో దయ్యాలున్నాయని పుకారు పుట్టిస్తాడు, గంటలు, దిష్టిబొమ్మలు, ఉచ్చులు అమరుస్తాడు. రాత్రి సైన్యం వస్తుంది, భయంతో గందరగోళమై చస్తుంది. కత్తి సినిమాలో పుస్తకం చదివినవాడు గెలిచిన ఘట్టం ఇది. మేము చప్పట్లు కొట్టాం. తెల్లారాక గూ తన ఉచ్చులన్నీ చూసుకుంటూ, తన తెలివికి తానే మురిసి, పగలబడి నవ్వుతూ తిరుగుతాడు. ఆ నవ్వుతోనే ఒక మూల తిరిగి పెరట్లోకి వస్తాడు. అక్కడ శవాలు. వరసగా శవాలు. సన్యాసులు వాటికి అంత్యక్రియలు చేస్తుంటారు. నవ్వు ఆగిపోతుంది. ఆ అమ్మాయి కోసం శవాల మధ్య వెతుక్కుంటాడు.

మేము చూసిన ఏ కత్తి సినిమాలోనూ ఇలాంటిది లేదు. ఈ సినిమాల పెద్ద లోపం మా దృష్టిలో ఎగరడం కాదు, అబద్ధపు రక్తం కాదు. లెక్క చెప్పకపోవడం. నాయకుడు ఇరవై మందిని నరుకుతాడు. ఆ ఇరవై మంది ఎవరు? జీతం కోసం బల్లెం పట్టిన పేదింటి పిల్లలు. వాళ్లకు పేర్లుండవు, ముఖాలు కూడా సరిగా కనబడవు. నాయకుడు మాత్రం మంత్రి కొడుకో, సేనాపతి కూతురో అయి ఉంటాడు. మన జానపదాల్లోనూ అంతే, జాలరి ఇంట పెరిగినవాడు ఆఖర్న రాజకుమారుడని తేలితే తప్ప పట్టాభిషేకం లేదు. తోటమాలి కొడుకుగానే గెలిచిన 'పాతాళ భైరవి' రాముడు వేరు, అందుకే వాడంటే మనకు అంత ఇష్టం. మేము చిన్నప్పుడు కత్తి పట్టినవాడి వైపు నిలబడి చూశాం. పెద్దయ్యాక చూస్తే మన మనుషులు ఎక్కువమంది ఆ రెండో వైపున, కింద పడేవాళ్లలో ఉన్నారేమో అనిపించింది. కింగ్ హూ ఆ పెరట్లో ఒక్క నిమిషం కెమెరా నిలిపి వాళ్లను లెక్కపెట్టించారు. తర్వాత ఆయన కూడా మళ్లీ యుద్ధంలోకి వెళ్లిపోయారు, అది వేరే సంగతి.

అలాగని ఈ సినిమాల్లో మనకు ఏమీ లేదని కాదు. చైనా వాళ్లు జియాంగ్‌హూ అంటారు. నదులూ సరస్సులూ అని అర్థం. రాజుకూ, కుటుంబ పెద్దలకూ అందని లోకం అది. అక్కడ బిచ్చగాడు మహా గురువు కావచ్చు. సత్రం వంటవాడు అందరికంటే పెద్ద వీరుడు కావచ్చు. ఆడపిల్ల కత్తి పడితే ఎవరూ వింతగా చూడరు. పుట్టుక అడగరు, పట్టు ఎంతో చూస్తారు. ఊళ్లో మంచినీళ్ల బావి దగ్గర పుట్టుక అడిగించుకున్న పిల్లవాడికి ఆ లోకం ఒక రాత్రికైనా ఎంత తియ్యగా ఉంటుందో మాకు తెలుసు. మా మిత్రుడు గోడ మీద నుంచి దూకింది కొమ్మ కోసం కాదు, దాని కోసం. ఆ లోకంలో న్యాయం మాత్రం కత్తితోనే తేలుతుంది. మన తగాదాలు కాగితం మీద, కచేరీల్లో ఏళ్ల తరబడి తేలేవి. ఆ తేడా తెలిసేసరికి మాకు డిగ్రీ అయిపోయింది.

ఇంత చేసిన 'ఎ టచ్ ఆఫ్ జెన్' తైవాన్‌లో ఆడలేదు. మొదటి గంటసేపు కత్తి బయటికి రాదు. దాన్ని రెండు భాగాలుగా విడగొట్టి 1970, 1971లలో విడుదల చేశారు. వెదురు తోపు యుద్ధం కోసం వచ్చిన జనం గడ్డిపరకలు, సాలెగూళ్లు చూసి విసుక్కున్నారు. చివర్లో యుద్ధం నుంచి కథ బౌద్ధ గురువు వైపు తిరుగుతుంది, గాయపడ్డ ఆ గురువు ఒంటి నుంచి బంగారు రక్తం కారుతుంది. మాలో సగం మందికి అక్కడ ఒళ్లు పులకరించింది, మిగతా సగానికి ఏమీ అర్థం కాలేదు. మేము ఇప్పటికీ దాని మీద ఫోన్లో పోట్లాడుకుంటాం. 1975లో మూడు గంటల పూర్తి ప్రతి కాన్ ఉత్సవానికి వెళ్లి సాంకేతిక విభాగంలో గొప్ప బహుమతి తెచ్చింది. అప్పటికి యూనియన్ సంస్థతో ఆయన బంధం తెగిపోయి ఏళ్లయింది.

సొంత సంస్థ పెట్టుకున్నారు. 1973లో 'ది ఫేట్ ఆఫ్ లీ ఖాన్', 1975లో 'ది వేలియంట్ వన్స్' వచ్చాయి. అప్పుడు కుర్రవాడైన సమో హుంగ్ వీటికి పోరాటాలు కూర్చాడు. కానీ కాలం మారిపోయింది. 1971 నుంచి బ్రూస్ లీ వట్టి చేతులతో తెర మీద విరుచుకుపడ్డాడు. విశేషమేమంటే ఆయన 'ది బిగ్ బాస్'లో విలన్ వేసింది మన హాన్ యింగ్‌చియేనే. కత్తులు పక్కనపడ్డాయి.

1979లో కింగ్ హూ కొరియా కొండల్లో తీసిన రెండు సినిమాలు వచ్చాయి. వాటిలో 'రెయినింగ్ ఇన్ ద మౌంటెన్' మాకు ప్రాణం. ఒక మఠంలో అమూల్యమైన పాత గ్రంథపు చుట్ట ఉంటుంది. ధనికుడూ సేనాపతీ దొంగలను పెట్టి దాన్ని కాజేయాలని చూస్తారు. మఠానికి కొత్త అధిపతి ఎవరన్నది ఇంకో తగాదా. చేయని నేరానికి శిక్ష పడి, ఖైదీగా మఠానికి వచ్చినవాణ్ని వృద్ధ గురువు వారసుడిగా ఎంచుతాడు. వాడు ఆ గ్రంథానికి నకళ్లు తీయించి పంచి, అసలుదాన్ని అందరి ముందూ కాల్చేస్తాడు. విలువ రాతదా, పాత కాగితానిదా? కత్తి దాదాపు లేని కత్తి సినిమా అది.

ఆ తర్వాత ఆయన కథ త్వరగా చెప్పుకోవచ్చు. ఎనభైల్లో తీసినవి కొన్నే, పెద్దగా ఆడలేదు. 1990లో 'స్వోర్డ్స్‌మన్' ఆయన పేరుతో వచ్చింది కానీ మధ్యలోనే తప్పుకున్నారు, వేరేవాళ్లు పూర్తి చేశారు. తొంభైల మొదట్లో తీసిన 'పెయింటెడ్ స్కిన్' చివరిది. అందులోనూ పూ సోంగ్‌లింగ్ కథే. ఆయనకు అడ్డుపడింది ఇతరులు మాత్రమే కాదు. రాజీ పడడం తెలియదు, గడువు తెలియదు, ఎదుటివాడి డబ్బు ఖర్చవుతోందన్న బెంగ తక్కువ. పనిమంతుడికి ఇది గుణమో దోషమో, తనవాళ్లకు జీతాలు ఇవ్వవలసినవాడే చెప్పాలి.

అమెరికాలో రైలు పట్టాలు వేసిన చైనా కూలీల మీద సినిమా తీయాలని ఆయన ఏళ్ల తరబడి తిరిగారు. పేరులేకుండా పోయిన మనుషుల కథ. ఎట్టకేలకు డబ్బు కుదిరింది. చిత్రీకరణ మొదలవబోతుండగా 1997 జనవరి 14న తైపేలో గుండె చికిత్స జరుగుతుండగా కన్నుమూశారు. ఆ సినిమా రాలేదు.

మూడేళ్లకు, 2000లో, ఆంగ్ లీ తీసిన 'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్'లో మనుషులు వెదుళ్ల చివర్ల మీద నిలబడి పోరాడారు. దానికి నాలుగు ఆస్కార్లు వచ్చాయి. అందులో ముసలి విలన్ వేషం వేసింది ఒకప్పుడు సత్రంలో తొణక్కుండా కూర్చున్న చెంగ్ పేపే. ఆమె 2024లో పోయారు. 2003లో త్సాయ్ మింగ్‌లియాంగ్ అనే దర్శకుడు మూతపడబోతున్న ఒక పాత సినిమా హాలు మీద సినిమా తీశారు. ఆఖరి ఆటగా అందులో 'డ్రాగన్ ఇన్' నడుస్తుంటుంది. హాలు దాదాపు ఖాళీ. ఆ బొమ్మలో ఒకప్పుడు కత్తి పట్టిన షీ చున్, మియావ్ తియెన్ ఇద్దరూ ముసలివాళ్లై ఆ కుర్చీల్లో కూర్చుని తమ పడుచుతనాన్ని చూసుకుంటూ ఉంటారు. షీ చున్ కళ్లు తడిసి ఉంటాయి.

ఈసారి వార్షికోత్సవం రాత్రి వరండాలో 'డ్రాగన్ ఇన్' వేయాలని మా బ్యాచ్ తరఫున వార్డెన్ గారిని అడిగాం. ప్రొజెక్టరు, తెర మేమే తెస్తాం. కథ అర్థం కాకపోతే పక్కన కూర్చుని చెబుతాం. మర్నాడు పొద్దున మాత్రం మాలో ఒకడు, కుడి చెయ్యి పూర్తిగా చాపలేనివాడు, వేపచెట్టు పక్క గోడ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు.